కుప్పలో రొట్టె
‘సగం నేల’ సీరియల్: పదిహేడో భాగం

హాజ్ లరూసీ ముళ్ళగొర్రు చేతబట్టి ఎరువు కుప్ప ఎక్కిన చోట పోయినవారం మనం ఆగాం. కింద బీర్ మల్హా ఊరంతా నిలబడి చూస్తోంది. ఒకవైపు నేల కొలిచే పంపకం తాడు భుజాన వేసుకుని మసీదు పెద్ద షేక్ మీలూద్, ఇంకోవైపు అత్తగారు ఉమ్మెజ్జీన్ చెయ్యి పట్టుకుని నజీహా ఉన్నారు. ఆ పూట జరగాల్సింది నేల పంపకం. ఆ పక్క తరాలుగా నడుస్తున్న కట్టుబాటు ఒకటుంది. నేల ఒకరిది, నాటే చెయ్యి ఇంకొకరిది, చెట్టు కాపుకొచ్చిన నాడు నేల చెరిసగం. మగార్సా అంటారు దాన్ని. నజీహా మొగుడు లజ్‌హర్ ఆ మాట మీదే హాజ్ దగ్గర నేల తీసుకుని ఆలివ్ మొక్కలు పాతాడు, అవి మోకాలెత్తు రాకముందే కన్నుమూశాడు. మిగిలిన చాకిరీ అంతా పెళ్ళాం చేసింది. ఇప్పుడు చెట్లు కాశాయి. కళ్ళెదుట వేలాడుతున్న కాయల్ని లేవనడం ఎంతటి హాజ్‌కైనా కుదరదు. అందుకని ఆయన కాయల జోలికి పోకుండా కుప్ప ఎక్కాడు.

"ఒక్క క్షణం షేక్ గారూ. పంచే ముందు ఈ చెట్లు ఏం తిని పెరిగాయో ఊరు చూడొద్దూ?" అని గొర్రు గుచ్చాడు.

ఏం తిని పెరిగాయో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వారం వారం స్ఫాక్స్ నగరం నుంచి లారీ వచ్చి చెత్త దించిపోయేది. కూరల బజారులో మిగిలిన ఆకులు, చేపల సంతలో కోసి పడేసిన తలకాయలు, కాఫీ అంగళ్ళ పిప్పి, ఇళ్ళలో తీసిన తొక్కలు అందులో ఉండేవి. అత్తాకోడళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని గాజుపెంకులూ ప్లాస్టిక్ సంచులూ ఏరి పారేసేవాళ్ళు. మిగిలినదానికి గొర్రెల పెంట, గానుగ పిప్పి కలిపి, నీళ్ళు చల్లి, ఖర్జూరపు మట్టలు కప్పి మగ్గబెట్టేవాళ్ళు. తిరగేసి మళ్ళీ మగ్గబెట్టేవాళ్ళు. చివరికి అది నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డ మట్టి వాసనతో తయారయ్యేది. అప్పుడు చెట్టు చుట్టూ గాడి తీసి, వానలకి ముందే పూడ్చేవాళ్ళు. మొదట్లో ఊరు నవ్వింది. ‘పెంట నజీహా’ అని పేరు కూడా పెట్టింది. బావి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. నజీహా పట్టించుకోలేదని చెబితే అబద్ధం. పట్టించుకుంది, ఏడ్చింది, మర్నాడు మళ్ళీ ముక్కుకి గుడ్డ కట్టుకుంది.

హాజ్ ఇచ్చిన నేల కూడా అలాంటిది మరి. ట్రాక్టరు పెట్టి దున్నీ దున్నీ పైమట్టినంతా గాలికి అప్పగించిన చెక్క అది. వాన పడితే నీళ్ళు ఇంకకుండా జారిపోయేవి. ఉన్న నేలల్లోకెల్లా చచ్చినదాన్ని ఏరి మరీ ఇచ్చాడు మహానుభావుడు. కాపు వచ్చేలోపు మొగుడో పెళ్ళామో విసిగి పారిపోతారు, నాటిన మొక్కలు ఊరికే మిగులుతాయి అన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. ఏరు దాటించేదాకా తెప్పను మెచ్చుకున్నవాడు ఇప్పుడు తగలెయ్యడానికి అగ్గిపుల్ల వెతుక్కుంటున్నాడు.

గొర్రు పైకి వచ్చింది. ముళ్ళ మధ్య గుండ్రంగా ఏదో ఇరుక్కుని ఉంది. హాజ్ వంగి దాన్ని చేత్తో తీశాడు. ఆ గుంటలోనే చెయ్యి పెట్టి ఇంకొకటి కూడా లాగాడు. రెండోదాన్ని చంకలో పెట్టుకుని మొదటిదాన్ని అందరికీ కనబడేలా ఎత్తిపట్టాడు.

రొట్టె.

గుంపులో ఎవరో దేవుణ్ణి తలుచుకుంటూ "యా లతీఫ్!" అన్నారు. ఆ దేశంలో రొట్టెని చెత్తలో వేసే ఇల్లాలు నగరంలోనైనా ఉండదు. ఎండిన ముక్కలు వేరే సంచిలో వేసి గోడ మేకుకి తగిలిస్తుంది, మేకలున్నవాడు వచ్చి పట్టుకుపోతాడు. పొరపాటున లారీలో చిన్న ముక్క కనబడినా ఉమ్మెజ్జీన్ దాన్ని దులిపి, ముద్దుపెట్టుకుని, నుదుటికి తాకించి, గోడ మీద పిట్టలకి పెట్టేది. అలాంటి ఊళ్ళో, పెంటకుప్ప నడుమ, నిండు రొట్టె! హాజ్ దాన్ని కిందికి అందిస్తే షేక్ మీలూద్ అలవాటు కొద్దీ పెదాలకీ నుదుటికీ తాకించుకున్నాడు. ఆ తర్వాత అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చి ముఖం చిట్లించాడు.

"చూశారుగా," అన్నాడు హాజ్. "ఇంత తొందరగా కాపెలా వచ్చిందా అని నేనూ అనుకుంటూనే ఉన్నా. దేవుడి సొమ్ము కుళ్ళబెట్టి నేలకి బలి పెడుతున్నారన్నమాట! మంత్రమో తంత్రమో ఆ దేవుడికే తెలియాలి. ఈ నూనె ఎవడు తింటాడు? ఈ చెట్లకి పంపకమేంటి షేక్ గారూ? నరికి పొయ్యిలో పెట్టాలి."

కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. ఆయన అదే చేస్తున్నాడని నజీహాకి తెలుసు. చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. బావి దగ్గర ముక్కు మూసుకున్న ముఖాలే అవి. ఈ మధ్యే కాస్త మెత్తబడ్డాయి, మా నిమ్మచెట్టుకీ ఒక గంప పెట్టవే అని అడగడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మళ్ళీ బిగుసుకుంటున్నాయి.

"నజీహా, ఏమంటావమ్మా?" అన్నాడు షేక్. షేక్ మీలూద్ మంచివాడే. కానీ హాజ్ మసీదుకి నీళ్ళ ట్యాంకు కట్టించినప్పటి నుంచి ఆ మంచితనం కాస్త గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

ఆమె నోరు విప్పేలోపే వెనకనుంచి దహబియా గొంతు వినబడింది. పక్కింటావిడ, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"అదేంటి హాజ్ గారూ! నగరం చెత్తలో మట్టిపొయ్యి రొట్టె ఎలా వచ్చింది? స్ఫాక్స్ వాళ్ళు తినేది బేకరీలో దొరికే పొడుగు కర్రరొట్టె కదా. మన ఆడవాళ్ళలాగా పొయ్యిలోకి తల దూర్చి కనుబొమ్మలు కాల్చుకునే ఆడది అక్కడ ఎవతె ఉంది?"

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో నజీహాకి ఊపిరి అందింది. ముందుకు వచ్చి షేక్ చేతిలోని రొట్టె తీసుకుంది. అంచు విరిస్తే పెటుక్కుమంది.

"ఇది విన్నారా? పొద్దున కాల్చిన రొట్టె చేసే చప్పుడిది," అంది. "షేక్ గారూ, దయచేసి మీరే ఆ గుంటలో చెయ్యి పెట్టండి."

"నేనా?"

"మీరే. భయపడకండి, కరవదు."

షేక్ చొక్కా చెయ్యి పైకి మడిచి గుంటలో మోచేతి దాకా పెట్టాడు. పెట్టినంత వేగంగానే తీశాడు. "అబ్బా! పొయ్యి మీదున్న డేగిసాలా ఉందే!"

ఈసారి మగాళ్ళు కూడా నవ్వారు.

"మగ్గుతున్న కుప్ప అలాగే ఉంటుంది. నేను పొద్దున ఫలహారానికి గుడ్లు అందులోనే ఉడకేసుకుంటా, గ్యాసు ఖర్చు లేకుండా. ఒక్క రాత్రి రొట్టె ఆ వేడిలో, ఆ తడిలో ఉందంటే జావ కావాలి. ఇది పెటపెటలాడుతోంది. నేను పడుకుని లేచాక, ఊరు ఇక్కడికి వచ్చేలోపు, ఎవరో తెచ్చి పూడ్చారు. దేవుడి సొమ్ముని పెంటలో వేసిన పాపిష్టి చెయ్యి ఈ గుంపులోనే ఉంది."

గుంపు కదిలింది. హాజ్ కుప్ప మీదే నిలబడ్డాడు గానీ గొర్రు కర్ర పట్టుకున్న పద్ధతి మారింది. ఇందాక జెండాలా పట్టుకున్నవాడు ఇప్పుడు ఊతకర్రలా పట్టుకున్నాడు.

"అయితే గుర్తు చూడవే!" అని అరిచింది దహబియా ఉత్సాహంగా. "ఎవరి పొయ్యిదో తేలిపోతుంది."

నిజమే. ఆ ఊళ్ళో ఏ ఇంటి రొట్టె ఆ ఇంటిదే. పిండి పొయ్యి గోడకి అంటించే ముందు ప్రతి ఇల్లాలూ తన వేళ్ళతో ఒక గుర్తు నొక్కుతుంది. ఒకరిది అడ్డగీత, ఒకరిది అయిదు గుంటలు, ఒకరిది అరచంద్రం. పెళ్ళిళ్ళకి రొట్టెలన్నీ ఒకచోట కలిసిపోయినా ఎవరివి వాళ్ళు గుర్తుపట్టి తీసుకుపోతారు.

నజీహా అప్పటికే రొట్టె తిప్పి చూసింది. చూడగానే అరచెయ్యి దాని మీద మూసేసింది.

నడిమధ్యన మూడు వేళ్ళ గుంటలు ఉన్నాయి. రెండు పొడుగు, నడిమిది పొట్టి. చాలా ఏళ్ళ కిందట గానుగలో చెయ్యి నలిగినప్పుడు ఉమ్మెజ్జీన్ మధ్యవేలు మొన పోయింది. ఆ గుర్తుని ఊళ్ళో పసిపిల్లలు కూడా చదవగలరు.

అది తన ఇంటి రొట్టె. పొద్దున తను కాఫీలో ముంచుకు తిన్నది కూడా ఆ వాయిలోదే.

అత్త? నజీహా తల తిప్పి చూడలేదు, చూస్తే ఊరు పట్టేస్తుంది. ఈ ముసల్ది తనతో సమానంగా గాజుపెంకులు ఏరి వేళ్ళు కోసుకుంది. మొగుడు పోయినప్పుడు పుట్టింటికి పొమ్మనకుండా, చెట్లు ఎండిపోతాయే లే అని చేతికి పార ఇచ్చింది. ఈమె చేసిందంటే సూర్యుడు పడమట పొడిచాడని నమ్మొచ్చు. కానీ గుర్తు చూపిస్తే ఊరు నమ్మేది గుర్తునే. అత్తాకోడళ్ళే పూడ్చి, అత్తాకోడళ్ళే నాటకమాడారంటుంది. చూపించకపోతే, ఎందుకు దాస్తున్నావంటుంది.

"చూపించవే, ఏంటా ఆలోచన?" దహబియా ముందుకు తోసుకొస్తోంది.

నజీహా రొట్టెని పెదాలకి తాకించింది. నుదుటికి తాకించింది. మళ్ళీ పెదాల దగ్గరికి తెచ్చి, సరిగ్గా నడిమధ్యన, గుర్తు ఉన్నచోటే కసుక్కున కొరికింది. అందరూ నోళ్ళు తెరిచి చూస్తుండగా నమిలింది. పళ్ళ కింద ఇసుక కరకరలాడింది. మింగి ఇంకో ముక్క కొరికింది.

"పిచ్చి పట్టిందా దీనికి!" అన్నాడు హాజ్.

"షేక్ గారూ," అంది నజీహా నోట్లో ముక్కతోనే. "కింద పడ్డ దేవుడి సొమ్ము తీసి తింటే పుణ్యమని మసీదులో మీరే కదా చెప్పేది?"

"చె... చెప్పాను. కానీ దానికి పెంట అంటిందమ్మా."

"మీ చేతికీ అంటింది. వాసన చూడండి."

షేక్ మోచేతి దాకా నల్లబడిన తన చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒకసారి పీల్చి, నమ్మలేనట్టు మళ్ళీ పీల్చాడు.

"మట్టి వాసనే," అన్నాడు నెమ్మదిగా.

"మట్టే! ఆరేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది అదే. మీరంతా నన్ను పెంట నజీహా అన్నారు. అనండి. నగరం పారేసినదాన్ని నేను మట్టి చేశాను. ఈ ఊరి మారాజులు మట్టిని దుమ్ము చేశారు. రెండింట్లో ఏది పెంటపనో మీరే చెప్పండి. నా మట్టి అంటిన రొట్టె నేను మీ ఎదురుగా తింటున్నా, మీ దుమ్ము అంటినది ఎవరైనా తినగలరా?"

దహబియా గొంతెత్తి జగ్రూతా పెట్టింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే కేక అది. ఇంకో ఇద్దరు అందుకున్నారు. నజీహాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గర్వంతోనో ఇసుకతోనో ఆమెకే తెలియదు. ఆఖరి ముక్క నోట్లో వేసుకుంది. గుర్తు కడుపులోకి పోయింది, అత్త గట్టెక్కింది అనుకుంది.

హాజ్ మాత్రం నవ్వుతున్నాడు. తీరుబాటుగా కుప్ప దిగి వచ్చి చంకలోది తీశాడు.

"ఆకలి బాగానే ఉంది. రెండోది కూడా తింటావా అమ్మాయ్, లేకపోతే దీని గుర్తు ఊరికి చూపించమంటావా?"

ఈ ముసలాయనకి గుర్తు సంగతి ముందే తెలుసు! నజీహాకి అప్పుడు వెలిగింది. ఆయన రొట్టె తిప్పి పట్టుకున్నాడు. మూడు గుంటలు, నడిమిది పొట్టి. జగ్రూతాలు సగంలో తెగిపోయాయి. దహబియా ఒక్కర్తే, తనలో తాను అనుకున్నట్టు, "ఇది ఉమ్మెజ్జీన్ చెయ్యి," అంది.

"ఇప్పుడు తెలిసిందా ఎందుకు మింగేసిందో?" అన్నాడు హాజ్. "ఏమంటావు ఉమ్మెజ్జీన్?"

ఉమ్మెజ్జీన్ నోట్లో నాలుక లేని మనిషని ఊళ్ళో పేరు. ఆమె కోడలిని దాటుకుని ముందుకు వచ్చింది. హాజ్ చేతిలోంచి రొట్టె తీసుకుని, ముద్దుపెట్టుకుని, ఒంటికి చుట్టుకున్న తెల్లటి దుప్పటి అంచుతో దాని మట్టి తుడిచింది.

"నాదే," అంది. "తెల్లారగట్ల కాల్చాను. ఒక వాయి. కొన్ని ఇంట్లో ఉన్నాయి, పోయి చూసుకోండి. రెండు మాత్రం మూటగట్టి ఒకడికి ఇచ్చాను. నగరానికి పోతున్నానమ్మా, దారిలో తింటానన్నాడు. ఆకలి మీద పోతాడేమోనని ఆలివ్ కాయలు కూడా పెట్టాను."

"ఎవరికిచ్చావు తల్లీ?" అన్నాడు షేక్.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ."

మొన పోయిన వేలు పైకి లేచింది. హాజ్ వైపు కాదు. అవతల రోడ్డు పక్కన, హాజ్ బండి తలుపు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు వైపు. మహ్రెజ్ వైపు. లజ్‌హర్ తమ్ముడు, నజీహా మరిది, ఉమ్మెజ్జీన్‌కి మిగిలిన ఒక్క కొడుకు.

మహ్రెజ్ చెయ్యి తెలియకుండానే గడ్డం తుడుచుకుంది, అక్కడేదో అంటుకున్నట్టు. "అమ్మా, నేను..."

"అమ్మ అనకు. ఆ రొట్టెకి ముద్దు పెట్టి పూడ్చావా, పెట్టకుండానే పూడ్చావా? ముందది చెప్పు."

అతను తల దించేశాడు. నజీహాకి కోపం రావాలి, రాలేదు. లజ్‌హర్ భుజాల మీద ఎక్కి బాదం చెట్లు దులిపిన కుర్రాడు ఇతను. వాడికి ఏం ఆశ పెట్టి ఉంటాడు ఈ ముసలాడు?

హాజ్ సిగ్గుపడతాడని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి హాజ్ తెలియదన్నమాట. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మంచిది. ఊరు విన్నది కదా. పూడ్చింది ఆ ఇంటివాడే. నేను నేల ఇచ్చింది నజీహాకి కాదు, లజ్‌హర్ ఇంటికి. ఆ ఇంటి మనిషే నేలని మైల చేస్తే ఒప్పందం తెగినట్టే. పాత కట్టుబాటు అది. అవునా కాదా షేక్ గారూ?"

ఎటు విసిరినా కాళ్ళ మీదే పడే పిల్లి! షేక్ మీలూద్ నేల చూశాడు, ఆకాశం చూశాడు, మసీదు మీది కొత్త ట్యాంకు వైపు కూడా ఒకసారి చూసినట్టే అనిపించింది. "ఇది... ఆలోచించాల్సిన విషయం. పంపకం వాయిదా వేద్దాం. వచ్చే వారమో, పై వారమో..."

"వచ్చే వారం వాన రావచ్చు," అంది నజీహా. "నాకు చెట్ల చుట్టూ గాడులు తియ్యాల్సిన పని ఉంది. నా సగం ఏదో తెలిస్తే కదా తీసేది?"

షేక్ భుజం మీంచి తాడు లాగేసింది. హల్ఫా గడ్డితో పేనిన పాత తాడు, ఆ ఊరి నేలలన్నీ దాంతోనే తెగాయి.

"ఏయ్! ఆడది పట్టిన తాడు కొలత కాదు!" హాజ్ గొంతు మొదటిసారి పగిలింది.

"నేను పార పట్టినప్పుడు ఆడదాన్ని కాదా? చేపతలకాయలు మోసినప్పుడు కాదా? చచ్చిన నేల ఇచ్చారు హాజ్ గారూ, బతికించాను. అందులో సగమే అడుగుతున్నా. మీ సగాన్ని కూడా నేనే బతికించాను, అది నా మొగుడి పేరున దానం. ఉంచుకోండి."

తాడుకి రెండు కొసలుంటాయి. ఒకటి నాటినవాళ్ళది, రెండోది నేలవాళ్ళది. రెండో కొస పట్టేవాడు లేకపోతే కొలత లేదు. నజీహా దాన్ని చాపి పట్టుకుంది. "ఎవరు పడతారు?"

షేక్ దగ్గాడు. మగాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. దహబియా అడుగు వేయబోతే ఆమె మొగుడు కొంగు పట్టుకుని లాగాడు.

"సరే," అంది నజీహా. రెండో కొసని అక్కడే మట్టిలో వదిలేసి, తన కొస పిడికిట్లో చుట్టుకుని, హద్దురాయి నుంచి నడక మొదలుపెట్టింది. లజ్‌హర్ పాతిన మొదటి చెట్టు దాటింది. రెండోది దాటింది. తాడు ఆమె వెనకాలే నేల మీద జరజరా పాకుతూ వస్తోంది. వెనక్కి చూడకూడదు అనుకుంది. ఎవరూ పట్టకపోయినా పొలం చివరిదాకా నడిచి తీరాలి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోనీ.

మూడో చెట్టు దగ్గర తాడు ఆగింది. రాయికి చిక్కుకుందేమోనని ఒక గుంజు గుంజింది. తాడు నేల మీంచి పైకి లేచి, దుమ్ము రాల్చుకుంటూ, బిగుతుగా నిలిచింది.

నజీహా వెనక్కి తిరిగింది.

అవతలి కొస దగ్గర హద్దురాయి మీద కాలు పెట్టి మహ్రెజ్ నిలబడ్డాడు. తాడుని రెండు చుట్లు పిడికిట్లో చుట్టుకున్నాడు, వేలి కణుపులు తెల్లబడ్డాయి. హాజ్ అతని చెవిలో ఏదో చెబుతున్నాడు. ఉమ్మెజ్జీన్ కొడుకు వైపే చూస్తూ, తుడిచిన రొట్టెని గుండెకి అదిమిపట్టుకుని ఉంది. మహ్రెజ్ వదిన కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ తర్వాత బలమంతా పెట్టి తాడు లాగాడు. అతను లాగింది నేల కొలవడానికో, ఆమెని ఆపడానికో నజీహాకి తెలియలేదు. ఆమె మాత్రం పట్టు వదల్లేదు.